నోట్లో తుమ్మెద

జగ్గయ్యపేటలో చర్చి వీధి చివరింట్లో ఉండే ఏసురత్నం పొద్దున్నే ముఖం కడుక్కోగానే ప్రార్థన చేసుకుని, పొయ్యి మీద రంగుల్లో కలిపే బంక పెట్టేవాడు. అది కరిగేలోపు జేగురు, నీలిమందు, దీపపు మసి నూరుకునేవాడు. నాటక కంపెనీలకు తెరలు వేయటం ఆయన వృత్తి. రాజదర్బారు, అడవి, చెరసాల, సముద్రతీరం, ఏది కావాలన్నా గుడ్డ మీద వేసి ఇచ్చేవాడు. పొగాకు ముట్టడు, కల్లు ముట్టడు. సంఘపెద్దల్లో ఒకడు. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్ల ఆదివారం రసం పాత్ర పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే.

ఆయన లోపల రంగులు నూరుతుంటే వాకిట్లో ఆయన భార్య ఆరోగ్యమ్మ రాక్షసుణ్ణి కేకలేస్తూ ఉండేది.

"ఒరే గండశిలుడా! నీళ్ళు తెమ్మంటే ఇంకా ఆ కొమ్ములకి ఆముదం రాసుకుంటన్నావా? ఎవరు చూడొచ్చారురా నీ సింగారం?"

"ఎండకి పగుల్తన్నయ్యమ్మా."

"పగిలితే పగలనీ. బావి కాడ ఆడోళ్ళుంటే కాస్త పక్కకి నిలబడు. నిన్న నీ కోరకి తగిలి సుబ్బమ్మ గారి కొంగు చిరిగిందంట."

"ఆమే వచ్చి తగిలిందమ్మా. నేను కదల్లా."

"కదలకపోతే కదలకపోయావు. సాయంత్రం పోయి ఆమె మిరపకాయలు ఎత్తిపెట్టు, కోపం పోద్ది."

గండశిలుడు కావిడి భుజానికెత్తుకుని వీధిన పడేవాడు. తాటిదూలమంత మనిషి. ఒళ్ళంతా జేగురు రంగు. దారిలో కనపడిన వాళ్ళందరికీ వంగి దణ్ణం పెట్టేవాడు, ఆ వంగటంలో ఎవరి చూరో కొమ్ముకు తగిలి గడ్డి రాలేది. సందేళ అయ్యేసరికి వీధి మొదట్లో నిలబడి, రెండు చేతులూ నడుముకు ఆనించి, ఒక్కసారి గర్జించేవాడు. నాటకంలో ఉన్ననాటి అలవాటు. ఆ గర్జన విని ఆడవాళ్ళు ఆరబోసిన మిరపకాయలు ఎత్తుకునేవాళ్ళు, దీపాలు వెలిగించుకునేవాళ్ళు.

అతను ఈ ఊరు వచ్చి ఏడాది దాటింది. నందిగామ సంత స్థలంలో భవానీప్రసాద్ గారి నాటక కంపెనీ పందిరి కాలిపోయినప్పుడు, కాలిపోతున్న తెర మీది నుంచి కిందికి దూకి, ఏసురత్నం ఎక్కిన బండి వెనక నడుచుకుంటూ వచ్చేశాడు. గీసినవాడి ఇంటికి కాక ఇంకెక్కడికి పోతాడని ఊళ్ళో అందరూ అనుకున్నారు. ఆరోగ్యమ్మ ఆ పూటే ఇంకో శేరు బియ్యం ఎసట్లో పోసింది.

మార్చి చివర్లో ఒకనాడు పాస్టరు వరప్రసాదరావు గారు సైకిలు దిగి అరుగు మీద కూర్చున్నారు.

"ఏసురత్నం, ఎండాకాలం బడికి నాకు రెండు పటాలు కావాలయ్యా."

"చెప్పండయ్యగారూ."

"మన పిల్లలు కథల పత్రికలు చదువుతున్నారు. చదవొద్దని నేననను, చిన్నప్పుడు నేనూ చదివాను. కానీ దయ్యం ఎట్లా ఉంటుందిరా అని అడిగితే ప్రతి ఒక్కడూ కొమ్ములంటాడు, కోరలంటాడు, ప్రాణం చిలకలో ఉంటుందంటాడు. కోరల్లేని దయ్యం ఎదురైతే వీళ్ళు గుర్తుపట్టలేరు. అందుకని ఒక పటం మీద కథల్లో రాక్షసుడు, ఇంకో పటం మీద సువార్తలో దయ్యం. రెండూ పక్కపక్కన కట్టి తేడా చెప్తాను."

"మొదటిది తేలికే." ఏసురత్నం గండశిలుడి వైపు చూశాడు. గండశిలుడు లేచి చేతులు కట్టుకున్నాడు. "రెండోదానికి ఏ భాగం తీసుకోమంటారు?"

"మూగ దయ్యం. అది పట్టినవాడు మాట్లాడలేడు. అది పోగానే మాట్లాడాడు. ఇంకేం రాసిలేదు దాని గురించి."

ఏసురత్నం తలూపాడు. అంతలో ఎక్కడో సన్నగా జుమ్మని వినిపించింది.

"తుమ్మెదనుకుంటా," అన్నారు పాస్టరు గారు చుట్టూ చూసి.

"అవునండీ," అన్నాడు ఏసురత్నం, పెదవులు సరిగ్గా తెరవకుండానే.

ఆయన అబద్ధం చెప్పలేదు. అది తుమ్మెదే. ఆయన నాలుక కిందే ఉంది. నందిగామ పందిరి కాలిన నాటి నుంచీ ఉంది. అన్నం తినేటప్పుడు ఒక పక్కనే నమిలేవాడు. ఎందుకయ్యా అని ఆరోగ్యమ్మ అడిగితే పన్ను నొప్పి అనేవాడు.

ఆ పందిరి కాలటానికి కారణం ఎవరో ఏసురత్నానికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

ఆ కంపెనీకి దీపాలు చూసేవాడు సొలొమోను. ఇదే వీధి మనిషి. ఏసురత్నాన్ని అన్నా అని పిలిచేవాడు. మొదటిసారి కంపెనీలో పని ఇప్పించింది ఏసురత్నమే. సొలొమోను దీపాల దగ్గర చాలా నిష్ఠగా ఉండేవాడు. పెట్రోమాక్సు లైటు ఎప్పుడూ నడి దూలానికే కట్టేవాడు. తెరకు ఎడం లేకుండా కట్టమని సాక్షాత్తూ భవానీప్రసాద్ గారే చెప్పినా వినేవాడు కాదు.

ఆ ఆట నాడు, రాక్షసుడి కోట తెర దించబోయే ముందు, తెర మీది రాక్షసుడికి కుడికన్ను రంగు పెచ్చు లేచిపోయి కనిపించింది ఏసురత్నానికి. ఒంటికన్ను రాక్షసుణ్ణి జనం ముందు పెట్టటం ఆయనకు నామోషీ అనిపించింది. వెనక వెలుతురు చాలలేదు. దూలానికున్న లైటు విప్పి తెర వేలాడే వెదురుకు తగిలించాడు. కన్ను దిద్దాడు. ఇంతలో ఎవరో కిరీటం రంగు ఊడిందని పిలిచారు. కుంచె పట్టుకుని వెళ్ళాడు. లైటు వెదురుకే ఉండిపోయింది.

పాట మొదలయ్యేసరికి తెర అంటుకుంది. అందరూ బయటికి పరుగెత్తారు. ఏసురత్నమూ పరుగెత్తాడు. లోపలికి పరుగెత్తింది సొలొమోను ఒక్కడే. మండుతున్న తెరను రెండు చేతులతో పట్టి లాగి, మంట జనం వైపు పోకుండా కిందపడేశాడు. మనుషులెవరూ చావలేదు. సొలొమోను అరచేతులు కాలి, మానాక కూడా వేళ్ళు పూర్తిగా చాచుకోలేదు.

మంటలు ఆరి తెల్లవారాక భవానీప్రసాద్ గారు బూడిదలో నిలబడి అడిగారు. "లైటు వెదురుకు ఎవడు కట్టాడు?"

"నేను దూలానికే కట్టానండీ. ఎవరో జరిపారు," అన్నాడు సొలొమోను.

"నీ లైటు ఇంకొకడు ఎందుకు ముట్టుకుంటాడురా? తప్పు చేసింది కాక దబాయింపు ఒకటా!"

సొలొమోను చుట్టూ చూశాడు. ఏసురత్నం మీద కూడా చూపు పడింది, ఆగకుండా దాటిపోయింది. ఆయన్ను అనుమానించాలన్న ఊహే అతనికి రాలేదు. ఏసురత్నం చెబుదామనే అనుకున్నాడు. అందరూ కొంచెం శాంతించాక, మధ్యాహ్నం చెబుదామనుకుని నోరు మూసుకున్నాడు. మంచి పని మధ్యాహ్నానికి వాయిదా వేసేవాడు చెడ్డ పనిని పొద్దున్నే చేసేసినట్టే. మధ్యాహ్నానికి సొలొమోను కంపెనీలో లేడు.

ఆ తరవాత సంఘపెద్దలు కూర్చున్నారు. పాపం చేశాడని కాదు, పాపం చేసి అబద్ధమాడుతున్నాడని సొలొమోను మీద అభియోగం. ఒప్పుకునేదాకా ప్రభు బల్లకు దూరంగా, తలుపు దగ్గరి చాప మీద కూర్చోవాలని తీర్మానం. ఎవరో ఒకరు, ఆ తెర మీది రాక్షసుడు అంతా చూసే ఉంటాడు గదా, అడిగితే పోలా అన్నారు. పెద్దల్లో పెద్దవాడైన బుల్లిబాబు గారు నవ్వారు.

"రాక్షసుడి సాక్ష్యం సంఘంలో చెల్లుద్దా అయ్యా? రేపు కోతిని కూడా పిలుద్దామంటారు."

అందరూ నవ్వారు. తీర్మానం ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తారు. ఏసురత్నం ఎత్తలేదు. ఎత్తనివాళ్ళను కూడా ఒప్పుకున్నవాళ్ళ కిందే లెక్కపెట్టారు.

అప్పటి నుంచి నెలకొక్క ఆదివారం ఆయన పాత్ర పట్టుకుని వరసల వెంట నడిచి, తలుపు దగ్గరికి వచ్చి, సొలొమోనును దాటి అవతలి వరసకు పోవాలి. సొలొమోను ఒక్కసారైనా తల తిప్పుకోలేదు. అన్న నడవటానికి ఇరుకవుతుందని మోకాళ్ళు పక్కకు తీసుకుని దారి ఇచ్చేవాడు. తిడితే ఏసురత్నానికి కొంత తేలికగా ఉండేది. ఆ మోకాళ్ళు పక్కకు జరిగినప్పుడల్లా నోట్లో తుమ్మెద గట్టిగా కొట్టుకునేది.

మొదటి పటం వేయటానికి ఎక్కువ కాలం పట్టలేదు. గండశిలుడు వాకిట్లో గద పట్టుకుని నిలబడ్డాడు, ఏసురత్నం చూసి వేశాడు. రెండో గుడ్డ మాత్రం తెల్లగా అట్లాగే వేలాడుతూ ఉండిపోయింది. ఆయన రోజూ దాని ముందు కూర్చుని లేచిపోయేవాడు.

"ఏం మేస్త్రి గారూ, తెగట్లేదా?" అన్నాడు గండశిలుడు, అరుగు మీద కాళ్ళు చాపుకుని. ఆ కాళ్ళు వీధి సగం దాకా ఉన్నాయి.

"దాని రూపం ఏంటో తెలియటం లేదురా. నువ్వేమన్నా చూశావా అలాంటివాళ్ళని?"

"చూళ్ళేదు. అమ్మగారు పొద్దున్నే బైబిలు చదువుతుంటే వింటా. వాళ్ళది మా జాతి కాదు."

"ఎట్లా చెప్తావు?"

"మాకు కోటలుంటయ్యి, గుహలుంటయ్యి. వాళ్ళకి ఇల్లు లేదు. మనిషే ఇల్లు. అదీ ఊడ్చి ముగ్గేసినట్టుండే ఇల్లయితే ఇంకో ఏడుగురిని వెంటబెట్టుకుని మరీ వస్తారంట. మేం రాజకుమార్తెని ఎత్తుకుపోతే ఊరంతా చూస్తది, నవ్వుకుంటా పోతాం, ఆకాశం దద్దరిల్లుద్ది. వాళ్ళు మనిషిని ఎత్తుకుపోతే పక్కన కూర్చుని అన్నం పెట్టే పెళ్ళానికి కూడా తెలవదు." గండశిలుడు కోర గోక్కున్నాడు. "మాకింకో తెలివితక్కువ ఉంది. ఎవరన్నా మంచిగా అడిగితే మా ప్రాణం ఎక్కడుందో చెప్పేస్తాం. చెప్తే చస్తామని తెలిసీ చెప్తాం."

"వాళ్ళు అట్లా చెప్పరు."

"ఎందుకు చెప్పరు? వాళ్ళూ నిజం చెప్పారుగా. ప్రభువుని చూడంగానే, పన్నెండుమంది శిష్యులకీ తెలియకముందే, నువ్వెవరివో మాకు తెలుసని అరిచారు. అయినా ఆయన వాళ్ళ నోరు మూయించాడు. అదే నాకు అర్థం కాలా మేస్త్రి గారూ. చెప్పేది నిజమేగా, చెప్పనియ్యొచ్చుగా?"

"అది దయ్యాలు చెప్పాల్సిన నిజం కాదు. మనుషులు చెప్పాలి."

అనేశాక ఏసురత్నం కుంచె కింద పెట్టాడు. తన నోటి నుంచి వచ్చిన మాట తననే పట్టుకుంది. గండశిలుడు కోర గోక్కోవటం ఆపాడు. ఏసురత్నం దిద్దిన ఆ కుడికన్నుతో ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. తడి ఆరకముందే లోకాన్ని చూసిన కన్ను అది. దీపం వెదురుకే ఉండిపోవటం అది చూసింది. ఏడాదిగా గండశిలుడు ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. అడిగితేనే చెప్పటం అతని జాతి ధర్మం. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ మొదటి శనివారం సాయంత్రం సొలొమోను భార్య రత్నమణి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె ఉంది. ఏసురత్నం లోపల తెల్లగుడ్డ ముందు కూర్చుని ఉన్నాడు. ఆరోగ్యమ్మ పెరట్లో ఉంది.

రత్నమణి అరుగు దగ్గర నిలబడి గండశిలుడితో అంది. "గోంగూర పచ్చడి చేశా, నీకిష్టమని తెచ్చా."

"కూర్చో అమ్మా. ఏంటి, మొహం అట్లా ఉంది?"

"సోమవారం పొద్దున సాగర్ డ్యాము పనులకి లారీ వస్తంది. మా ఆయన పేరు ఇచ్చేశాడు. పెళ్ళికి పిలవరు, తిరనాళ్ళకి పిలవరు, లైట్లు ఇంక ఎవరూ ఇయ్యరు. రాళ్ళు మోస్తాడంట. గిన్నె పట్టుకుంటే జారిపోయే చేతులు, రాళ్ళేం మోస్తాడు?" ఆమె గిన్నె అరుగు మీద పెట్టింది. "పోతే పోయాం. కానీ తిరిగొచ్చినా మా ఆయన ఆ చాప మీదే కూర్చోవాలి. నేను చచ్చాక నా పిల్లలూ అక్కడే కూర్చోవాలి. అందుకని అడుగుదామని వచ్చా. పత్రికలో కథలు మా పెద్దది చదివితే వింటా. రాజకుమార్తె అడిగితే మీవాళ్ళు నిజం చెప్తారంటగా."

"చెప్తాం."

"నేను రాజకుమార్తెని కాదు."

"గోంగూర పచ్చడి తెచ్చావు. ఏ రాజకుమార్తె తెచ్చింది? అడుగు."

"నీ ప్రాణం ఎక్కడుంది?"

లోపల ఏసురత్నం గోడకు ఆనుకున్నాడు.

గండశిలుడు మెల్లగా చెప్పాడు. "నేనున్న తెర మీద ఏడు సముద్రాలుండేయి. ఏడో సముద్రం అవతల దీవిలో పెట్టె, పెట్టెలో తుమ్మెద. అదే నా ప్రాణం. అగ్గంటుకున్నాక సముద్రాలన్నీ కాలిపోయినయ్యి. పెట్టె కాలిపోయింది. తుమ్మెదకి మూసి ఉన్న చోటు కావాలమ్మా, లేకపోతే బతకదు. ఆ పొద్దున నందిగామలో అంత జనంలో గట్టిగా మూసి ఉన్నది మా మేస్త్రి గారి నోరు ఒక్కటే. పోయి అందులో దూరింది."

రత్నమణి కొంగు బిగించుకుంది. తరవాత గుమ్మం దాకా వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"బావగారూ."

ఏసురత్నం తలెత్తలేదు.

"రాక్షసుడి మాట సంఘంలో చెల్లదని నాకు తెలుసు. నేను ఎవరికీ చెప్పను. చెప్పినా నన్ను నమ్మరు, మిమ్మల్ని నమ్ముతారు." ఆమె గుమ్మం మీద చెయ్యి వేసింది. "మా ఆయన మీ గురించి ఏమంటాడో తెలుసా? ఆ పూట అన్న వెనకాల ఉండుంటే ఎవరు జరిపారో చూసి చెప్పేవాడు, నా కర్మ, అన్న ముందుకెళ్ళాడు అంటాడు."

గిన్నె అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

పొద్దు వాలింది. ఏసురత్నం అరుగు మీదికి వచ్చి గండశిలుడి పక్కన కూర్చున్నాడు.

"నేను నోరు తెరిస్తే నువ్వు పోతావు. అది తెలిసే ఇన్నాళ్ళూ ఊరుకున్నా."

గండశిలుడు పచ్చడి వేలు నాక్కుని అన్నాడు. "మేస్త్రి గారూ, నామీద పెట్టకండి."

"నిజం చెప్తన్నా."

"కాదు. ఆ తుమ్మెద నా ప్రాణమని ఈ సాయంత్రం దాకా మీకు తెలవదు. నోట్లో జుమ్మంటందని తెలుసు, అంతే. నేను ప్రతి ఆటలోనూ చచ్చేవాణ్ణే. ఆఖరి అంకంలో చావటం నా వృత్తి, చచ్చి మళ్ళీ మర్నాడు ఆటకి లేచేవాణ్ణి. ఈ ఏడాదే చావకుండా ఉన్నా. ఒళ్ళంతా బరువుగా ఉంది." అతను లేచి కొమ్ములు చూరుకు తగలకుండా వంగాడు. "నీళ్ళు మోయటం బాగానే ఉంది. మీ ఇంటి అన్నం బాగానే ఉంది. కానీ నన్ను దాచుకోవటానికి మీరు సొలొమోనును అమ్ముకున్నారని రేపు ఎవరూ అనకూడదు. మా జాతికి అంత చెడ్డపేరు లేదు."

వీధి మొదటికి పోయి గర్జించాడు. ఆడవాళ్ళు మిరపకాయలు ఎత్తుకున్నారు.

మర్నాడు ప్రభు బల్ల ఆదివారం. గండశిలుడు ఎప్పటిలాగే చర్చి గేటు దగ్గర, చెప్పులకూ పాస్టరు గారి సైకిలుకూ కాపలాగా నిలబడ్డాడు. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు గానీ ద్వారబంధం అతనికి పొట్టి. సొలొమోను చాప మీద కూర్చున్నాడు. ప్రయాణానికని రత్నమణి అతని పంచె ఉతికి గంజి పెట్టింది.

రొట్టె అయింది. ఏసురత్నం పాత్ర అందుకున్నాడు. మొదటి వరస, రెండో వరస. ఆయన దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ జుమ్మనే చప్పుడు వినిపిస్తూనే ఉంది. తాగి, పెదవులు తుడుచుకుని, తల వంచుకుంటున్నారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి సొలొమోను మోకాళ్ళు పక్కకు తీసుకుని దారి ఇచ్చాడు.

ఏసురత్నం దాటలేదు.

వెనకనుంచి బుల్లిబాబు గారు మెల్లగా దగ్గారు, దాటమన్నట్టు. ఏసురత్నం పాత్రను రొమ్ముకు దగ్గరగా పట్టుకున్నాడు. నాలుక పైకి లేవటం లేదు. ఏడాదిగా మూసుకున్నది, ఒక్కసారిగా లేవటం దానికి చేతకాలేదు. గేటు దగ్గర గండశిలుడు వంగి, తలుపులోంచి ఒక కన్నుతో చూస్తున్నాడు. కుడికన్ను.

"తమ్ముడూ," అన్నాడు ఏసురత్నం. "ఆ లైటు జరిపింది నేను."

బుల్లిబాబు గారి దగ్గు ఆగిపోయింది.

"రాక్షసుడి కన్ను దిద్దుకోవటానికి వెదురుకు తగిలించా. మళ్ళీ దూలానికి కట్టటం మర్చిపోయా. అంతవరకు మరుపు. ఆ తరవాతది మరుపు కాదు. పొద్దున భవానీప్రసాద్ గారు అడిగినప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నా. పెద్దలు కూర్చున్నప్పుడూ నేను అక్కడే ఉన్నా. నువ్వు చెప్పింది మొదటినుంచీ నిజం."

చివరి మాటతో పాటు తుమ్మెద ఆయన పళ్ళ మధ్య నుంచి బయటికి వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. పాత్ర మీద ఒక్కసారి తిరిగింది. ఒకావిడ తన బిడ్డ తల పక్కకు వంచింది, కుట్టకుండా. తుమ్మెద కిటికీలోంచి ఎండలోకి పోయింది. బుల్లిబాబు గారు లేచి ఆ కిటికీ మూశారు. గేటు దగ్గర పిండిబస్తా దించినట్టు మెత్తటి చప్పుడైంది.

సొలొమోను ఏసురత్నం మొహంలోకి చూస్తూనే ఉన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాడు.

అదొక్కటే అడిగాడు. కథల్లో రాక్షసుడికైనా రాజకుమార్తె మీద మోజో, రాజు మీద పగో ఉంటుంది. ఏసురత్నానికి సొలొమోను మీద ఏ పగా లేదు. పరువు పోతుందన్న భయం తప్ప ఏమీ లేదు. ఒక మనిషి బతుకు కాల్చటానికి అంత చిన్న కారణం సరిపోయింది.

పాస్టరు గారు బల్ల దగ్గర నుంచి వచ్చి ఏసురత్నం చేతిలోని పాత్ర తీసుకున్నారు. ముందుగా సొలొమోనుకు అందించారు. చాచుకోని వేళ్ళతో అతను పట్టుకోలేకపోతే రత్నమణి ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి అడుగున చెయ్యి పెట్టింది. ఇద్దరూ కలిసి ఎత్తారు. అతను తాగాక ఆమె కొంగుతో అతని గడ్డం తుడిచింది.

"లే సొలొమోనూ, ముందుకు రా," అన్నారు పాస్టరు గారు.

సొలొమోను లేచి వెళ్ళాడు. ఏసురత్నం ఎవరూ చెప్పకుండానే ఆ చాప మీద కూర్చున్నాడు. చాప ఇంకా వెచ్చగా ఉంది. పాత్ర అవతలి వరసకు పోవటానికి తన ముందుకు వచ్చినప్పుడు మోకాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చాడు.

ఆరాధన అయ్యాక బయటికి వస్తే చెప్పుల మీద, సైకిలు సీటు మీద, గేటు చుట్టూ రంగుపొడి పడి ఉంది. జేగురు, కొంచెం నీలం, కొంచెం మసి. తొక్కొద్దు, తొక్కొద్దంటూ ఆరోగ్యమ్మ అందరినీ పక్కకు నిలబెట్టి, వంగి, పొడినంతా చీర కొంగులోకి ఎత్తుకుంది. ఇంటిదాకా మొగుడితో మాట్లాడలేదు. ఇంట్లోకి వచ్చాక ఒక్కటే మాట అంది.

"పన్ను నొప్పన్నావు."

ఆ సందేళ వీధిలో ఎవరూ మిరపకాయలు ఎత్తలేదు. బాగా చీకటి పడ్డాక సుబ్బమ్మ గారు వాకిట్లోకి వచ్చి, "అయ్యో, పొద్దు పోయినట్టే తెలియలేదే," అంది. సోమవారం లారీ వచ్చి, కాసేపు హారను కొట్టి, సొలొమోను లేకుండానే వెళ్ళిపోయింది.

మే నెలలో ఎండాకాలం బడి జరిగింది. పాస్టరు గారు రెండు పటాలూ పక్కపక్కన కట్టారు. మొదటి దాని మీద గండశిలుడు గద పట్టుకుని ఉన్నాడు. పిల్లలు అతన్ని గుర్తుపట్టి, నీళ్ళు మోసేవాడు, మా తాటాకు చూరు విరగ్గొట్టాడు అని గోల చేశారు. రెండోదాని మీద చర్చిలో కూర్చున్న మనుషులు వరసలుగా ఉన్నారు. అందరూ తెల్లబట్టల్లో, అందరూ ఒక్కలాగే. పిల్లలు దగ్గరికి వెళ్ళి చాలాసేపు వెతికారు.

"దయ్యం ఏదండీ? కనపట్టంలా," అంది సొలొమోను పెద్దకూతురు.

"కనపడదమ్మా," అన్నాడు ఏసురత్నం. ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

పెద్దలు ఆయన్ను ఆరు నెలలకే చాప మీద నుంచి లేవమన్నారు. పాస్టరు గారు ఇంటికి వచ్చి చెప్పారు. ఇంకా కాదండీ అన్నాడు. లేవమని చెప్పాల్సినవాడు ఇంకా చెప్పలేదని ఆయన లెక్క. సొలొమోను ఆయన్ను అన్నా అనటం మానలేదు, కానీ ఇంటికి రావటం మానేశాడు. ఏసురత్నం అది న్యాయమే అనుకున్నాడు.

సంక్రాంతి వెళ్ళాక భవానీప్రసాద్ గారు మళ్ళీ కంపెనీ ఎత్తారు. లైట్లకు సొలొమోనును ఆయనే వచ్చి పిలుచుకుపోయారు. కొత్త కోట తెర వేయటానికి ఏసురత్నం జేగురు నూరుతుంటే ఆరోగ్యమ్మ ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టింది. గేటు దగ్గర ఎత్తిన పొడి. ఆయన దాన్నే బంకలో కలిపాడు.

నందిగామలో మొదటి ఆట. తెర కడుతుంటే మడతలో రాక్షసుడి కుడికన్ను రాసుకుని చెదిరింది. ఏసురత్నం కుంచె తీసుకుని వెనక్కి వచ్చాడు. అక్కడ మసక. సొలొమోను వంకర వేళ్ళతో లైటును దూలానికి కట్టి, ముడి బిగించి, కిందికి దిగుతున్నాడు. ఏసురత్నాన్ని చూసి ఆగాడు. ఇద్దరి మధ్యా లైటు బుస్సుమంటోంది.

"దగ్గరికి జరపమంటావా అన్నా?" అన్నాడు.

అడిగిన తీరులో ఎగతాళి ఉందో, జాలి ఉందో ఏసురత్నానికి తెలియలేదు. రెండూ తనకు తగినవే అనుకున్నాడు.

"వద్దు. అక్కడే ఉండనీ. కనపడినంతే దిద్దుతా."

ఆ మసకలో ఆయన దిద్దిన కన్ను కొంచెం పక్కకు వచ్చింది. ఆటంతా రాక్షసుడు రాజకుమార్తెను చూడాల్సింది పోయి, పక్క తెరల చాటున నిలబడ్డ ఏసురత్నం వైపే చూస్తూ గర్జించాడు.